కట్ ఎక్కడ పడింది?

మొన్న దసరా సెలవుల్లో అక్క పెళ్లి క్యాసెట్‌ని డిజిటల్ చేయించి తెచ్చి, ల్యాప్‌టాప్‌లో పైసీన్‌డిటెక్ట్ అనే ప్రోగ్రామ్‌కి అప్పగించాను. ఉచితంగా దొరుకుతుంది. మూడు గంటల వీడియోని సీన్లుగా విడగొట్టి ఇస్తుంది. తలంబ్రాల దగ్గర ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టిన ప్రతిసారీ సీన్ మారిందని రాసిచ్చింది. అప్పగింతల దగ్గర మాత్రం ఒక్క కట్ కూడా లేదు.

దాని తప్పేం లేదు. ఒక ఫ్రేము రంగుల్నీ వెలుగునీ ముందు ఫ్రేముతో పోల్చుకుంటుంది. తేడా ఒక అంకె దాటితే కట్. మనం ఏమీ మార్చకపోతే ఆ అంకె 27. ఫ్లాష్ పడితే తెరంతా తెల్లబడుతుంది, అంకె దాటుతుంది. అప్పగింతలప్పుడు కెమెరా కదల్లేదు. నాన్న అప్పటిదాకా నవ్వుతున్నవాడల్లా తల పక్కకు తిప్పుకున్నాడు, అంతే. అది ఎన్ని చుక్కల తేడా గనక!

మా ఇల్లు అబ్దుల్లాపూర్‌మెట్‌లో, రామోజీ ఫిల్మ్ సిటీకి దగ్గర్లో. కట్ అనే మాట వింటూనే పెరిగాం. కానీ మా ఊరు మారింది కట్‌తో కాదు. విజయవాడ హైవే పక్క చేలు ప్లాట్లయ్యాయి. ఏ రోజున అంటే ఎవరూ చెప్పలేరు. 2016లో హయత్‌నగర్ మండలం నుంచి వేరు చేసి మా ఊరి పేరుతో మండలం చేశారే, అదొక్కటే తేదీ ఉన్న మార్పు. అది కూడా కాగితం మీదే.

సినిమా భాషలో దీన్ని డిజాల్వ్ అంటారు. ఒక బొమ్మ కరుగుతుంటే అందులోంచే ఇంకో బొమ్మ తేలుతుంది. పక్కపక్క ఫ్రేముల్లో తేడా దాదాపు ఉండదు కాబట్టి మామూలు పద్ధతికి ఇది దొరకదు. 1993లో సింగపూర్‌లో జాంగ్, కంకన్‌హళ్లి, స్మోలియార్ అనే పరిశోధకులు దీనికో ఉపాయం చెప్పారు. ఒక అంకె బదులు రెండు పెట్టుకోవడం. తేడా చిన్న అంకె దాటగానే ‘ఇక్కడేదో మొదలైనట్టుంది’ అని గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి తేడాలన్నీ కూడుతూ పోవాలి. మొత్తం పెద్ద అంకె దాటితే మార్పు నిజమే, ఆ గుర్తు దగ్గరే మొదలైందని తేల్చాలి. దాటకపోతే గుర్తు చెరిపేయాలి. అంటే మొదలు ఎక్కడో చివరికి చేరాకే తెలుస్తుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, అక్కా బావా విడిపోతున్నారు. ఇద్దరూ ఒప్పుకునే.

"వకీలు సాబ్ తేదీ అడుగుతుండు తమ్మీ. ఎప్పటి సంది విడిగా ఉంటున్నరు అని. ఏం చెప్పాలె?"

హిందూ వివాహ చట్టం 13బి ప్రకారం కనీసం ఏడాది విడిగా ఉండాలి. విడిగా అంటే వేరే ఇంట్లోనే అని కాదు, ఒకే కప్పు కింద ఉంటూ కూడా భార్యాభర్తలుగా బతక్కపోవచ్చని సుప్రీంకోర్టు 1991లో సురేష్టాదేవి కేసులో చెప్పింది. నాకు ‘మాయాబజార్’ గుర్తొచ్చింది. శశిరేఖా సావిత్రే, మాయా శశిరేఖా సావిత్రే. మొహం అదే, ఫ్రేము అదే. లోపలున్నది ఘటోత్కచుడని చూసేవాళ్లకు తెలుసు, ప్రోగ్రామ్‌కి తెలీదు. అక్కవాళ్ల ఇంటికి పోయినప్పుడల్లా నేనూ ప్రోగ్రామ్ లాగే చూశాను. అదే హాలు, అదే టీవీ, ఇద్దరికీ చెరో కప్పు చాయ్.

మా పిన్ని దగ్గర ఆ అంకె వెయ్యి ఉంటుందేమో. "గింత దానికి ఇల్లు ఇడగొట్టుకుంటరా" అంటుంది. పెద్దవాళ్లందరిదీ ఇంచుమించు అదే మాట. ఏ తేడాకి ఆ తేడా చిన్నదే, నిజమే. కానీ కూడుతూ వచ్చింది అక్క ఒక్కతే. ఆ అంకె పెట్టుకునే హక్కు కూడా ఆమెదేనని నా వాదన.

కాకపోతే ఆ వాదనలో నేనే ఒక తప్పు చేశాను. వీడియో చూస్తూ తలంబ్రాల దగ్గర ఆపి, "చూడు, బావ అప్పుడే నీ దిక్కు చూస్తలేడు" అన్నాను. ముగింపు తెలిశాక వెనక్కెళ్లి ప్రతి ఫ్రేములోనూ గుర్తులు పెట్టడం తేలిక. అక్కకు కోపమొచ్చింది. "అప్పుడు మంచిగనే ఉండె రా. దాన్ని అబద్ధం చెయ్యకు."

ఆమె చెప్పింది సరైనదే. డిజాల్వ్ సగంలో ఉన్నప్పుడు కూడా మొదటి బొమ్మ తెర మీద ఉంటుంది. వెలిసిపోతూ ఉంటుంది, అంతేగానీ దొంగబొమ్మ కాదు. అలాంటప్పుడు తేదీ వేయడమంటే ఉన్నదాన్ని కనుక్కోవడం కాదు, ఒకచోట గీత గీయడం. కోర్టుకు గీత కావాలి, గీత లేనిదే అక్కకు విడుదల లేదు. అలాగని గీతకు ముందున్నదంతా మోసమని ఒప్పుకోవాల్సిన పని ఆమెకు లేదు.

చివరికి పోయినేడు మార్చిలో ఒక తేదీ రాయించింది. ఆ రోజు గొడవైందా అని అడిగాను.

"ఏం కాలే. రాత్రి కరెంటు పోయింది. పాప రూంల ఇన్వర్టర్ ఫ్యాన్ ఉంటది కదా అని పోయి పండుకున్న. కరెంటొచ్చినంక తిరిగి పోలే."