కాదనే హక్కు

గ్రామాభివృద్ధికి ఎవరూ శత్రువులు కారు. ఆఫ్రికాను ఏలిన సామ్రాజ్యవాదులు దాన్ని కోరారు. వాళ్ళను వెళ్ళగొట్టిన జాతీయ నాయకులూ కోరారు. ప్రపంచబ్యాంకూ కోరుతున్నది. ఇంతమంది ఏకగ్రీవంగా కోరినది ఆఫ్రికా పల్లెల్లో ఇన్నిసార్లు ఎందుకు విఫలమయింది? డబ్బు చాలలేదంటారు, సాంకేతిక జ్ఞానం చాలలేదంటారు, అధికారులు అవినీతిపరులంటారు. మూడింటిలోనూ నిజం లేకపోలేదు. కాని ఈ మూడూ చక్కబడిన తర్వాత కూడా ఒక ప్రశ్న మిగులుతుందని నా అభిప్రాయం. అది నీతికి సంబంధించిన ప్రశ్న. ఒకరి నేల మీద, ఒకరి శ్రమ మీద ప్రయోగం చేసే అధికారం మరొకరికి ఎక్కడి నుంచి వస్తుంది?

రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి బ్రిటన్‌లో నూనెలకూ కొవ్వులకూ కరువు వచ్చింది. ఆ కరువు తీర్చటానికి టాంగన్యీకాలో, అంటే నేటి టాంజానియా ప్రధాన భూభాగంలో, వేరుసెనగ పండించాలని అక్కడి లేబర్ ప్రభుత్వం నిశ్చయించింది. 1946లో ముగ్గురు సభ్యుల బృందం కొద్ది వారాలు పర్యటించి నివేదిక ఇచ్చింది. 1947లో పని మొదలయింది. 32 లక్షల ఎకరాల పొదలడవి నరికి సాగులోకి తేవాలనీ, అందుకు రెండున్నర కోట్ల పౌన్లు ఖర్చవుతాయనీ లెక్క వేశారు. యుద్ధంలో మిగిలిపోయిన ట్రాక్టర్లు తెప్పించారు. టాంకులను సైతం ట్రాక్టర్లుగా మార్చారు. కోంగ్వా నేల వానకు మెత్తబడి ఎండకు ఇటుకలాగా బిగుసుకుపోతుంది. నేల బిగుసుకుపోతే కాయ పెరకటం ఎంత కష్టమో రాయలసీమ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. అక్కడి వానలు నమ్మదగినవి కావని ఆ ప్రాంతపు గోగో ప్రజలకు తరతరాలుగా తెలుసు. వాళ్ళకు తెలిసింది నివేదికలో లెక్కకు రాలేదు. 1951 జనవరిలో పథకాన్ని రద్దుచేశారు. మూడున్నర కోట్ల పౌన్లకు పైగా మట్టిలో కలిసింది.

ఈ కథను సాధారణంగా ఇంజనీర్ల తెలివితక్కువతనానికి ఉదాహరణగా చెబుతారు. ఆ గుణపాఠం నాకు చాలదనిపిస్తుంది. వానలు సకాలంలో కురిసి, నేల కలిసివచ్చి, పంట విరగపండి ఉంటే ఆ పథకం న్యాయమైనది అయ్యేదా? అయ్యేది కాదు. అవసరం బ్రిటన్‌ది, నిర్ణయం లండన్‌ది, నేల మాత్రం ఆఫ్రికావాళ్ళది. ఫలితం మంచిదైనంత మాత్రాన ఈ సంబంధం మంచిది కాదు. విఫలమైన పథకంలో బయటపడే అన్యాయం సఫలమైన పథకంలో కనపడకుండా ఉంటుంది, అంతే తేడా.

పథకం వేసేవాడికీ, ఎవరి కోసం వేశానంటాడో ఆ రైతుకూ మధ్య అసలు తేడా చదువులో లేదు, నష్టం భరించటంలో ఉన్నది. నిపుణుడి అంచనా తప్పితే నివేదికలో ఒక పేరా పెరుగుతుంది. రైతు అంచనా తప్పితే ఆ ఏడు గాదె నిండదు, మరుసటి ఏటికి విత్తనం ఉండదు, ఉన్న మేకలను తెగనమ్ముకోవాలి. కొత్త విత్తనాన్ని చూసి రైతు జంకితే దాన్ని మూఢత్వమంటారు. నిజానికి అది లెక్క. ఒక్క పంట పోతే తట్టుకోలేనివాడు బాగా పండే విత్తనం కన్న ఎంతో కొంత తప్పకుండా పండే విత్తనాన్నే కోరుకుంటాడు. ఆ లెక్క తప్పని శాసించే అధికారం నష్టంలో వాటా లేనివాడికి లేదు.

ఇదంతా వలసపాలకుల పాపమని చెప్పి ఊరుకుంటే మనబోటి అభ్యుదయవాదులకు సుఖంగానే ఉంటుంది. కాని చరిత్ర ఆ సుఖాన్ని మనకు దక్కనివ్వదు. అదే టాంజానియాలో 1967 అరూషా ప్రకటనతో జూలియస్ నైరేరే సోషలిజాన్ని జాతి లక్ష్యంగా ప్రకటించాడు. పల్లెల్లో సమష్టి జీవనానికి ‘ఉజమా’ అని పేరు. ఆయన నిజాయితీని నేను శంకించను. ఆ ప్రకటనకు కొన్నేళ్ళ ముందే దక్షిణాన రువూమా ప్రాంతంలో కొందరు యువకులు లితోవా అనే చోట సమష్టి గ్రామం స్థాపించుకున్నారు. క్రమంగా మరికొన్ని గ్రామాలు చేరి రువూమా అభివృద్ధి సంఘం ఏర్పడింది. వాళ్ళు పిండిమర పెట్టుకున్నారు, కోతమిల్లు పెట్టుకున్నారు, పిల్లలకు తమకు నచ్చిన బడి పెట్టుకున్నారు. నైరేరే కాగితం మీద రాసిన సోషలిజం వాళ్ళ దగ్గర ప్రాణంతో ఉండేది. 1969 సెప్టెంబరులో పాలకపార్టీ ఆ సంఘాన్ని రద్దుచేసి ఆస్తులు స్వాధీనం చేసుకున్నది. రైతులు పైవాళ్ళను అడక్కుండా తమ మంచిచెడ్డలు తామే తేల్చుకోవటం పార్టీ అధికారులకు మింగుడుపడలేదు. తర్వాత 1973 నుంచి 1976 దాకా గ్రామాల్లో చేరటాన్ని నిర్బంధం చేశారు. కనీసం 50 లక్షలమందిని తరలించారని అంచనా. కొన్నిచోట్ల కదలనన్నవాళ్ళ ఇళ్ళు తగలబెట్టారు. ఎన్నో పల్లెలకు బడి వచ్చింది, వైద్యం వచ్చింది, కాదనను. కాని ఇష్టపడి కలిసినవాళ్ళ సంఘాన్ని మూయించి, ఇష్టంలేనివాళ్ళను లారీలెక్కించి కలపటం కేవలం అమలులో జరిగిన పొరపాటు కాదు. అది ప్రజల మీద అపనమ్మకం. జెండా మారింది గాని ఆ అపనమ్మకం మారలేదు.

ఈనాడు ప్రతి పథకపత్రంలోనూ ప్రజల భాగస్వామ్యం అనే మాట ఉంటుంది. సభ పెడతారు, ఉపన్యాసం ఇస్తారు, హాజరుపట్టీలో వేలిముద్రలు వేయిస్తారు. నేను అడిగేది ఒకటే. ఆ సభలో జనం వద్దంటే పథకం ఆగుతుందా? ఆగనప్పుడు అది భాగస్వామ్యం కాదు, దండోరా. కాదనే హక్కు లేనివాడి ‘ఔను’కు నీతి దృష్ట్యా విలువ లేదు.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది, అది తోసెయ్యదగింది కాదు. గ్రామపెద్దలు ఆడపిల్లల బడి వద్దంటే ఏం చెయ్యాలి? పెద్ద కమతాలవాళ్ళు చిన్నరైతుకు కాలవ వద్దంటే? ఈ హక్కు వెనుకబాటుతనానికి కంచె కట్టదా? గ్రామాన్ని ఒక్క మనిషిగా ఊహించుకుంటేనే ఈ చిక్కు వస్తుంది. గ్రామం ఒక్క మనిషి కాదు. అందులో వర్గాలున్నాయి, మగవాళ్ళున్నారు, ఆడవాళ్ళున్నారు. కాదనే హక్కు ఎవరి నేల, ఎవరి శ్రమ పణంగా పెడుతున్నారో వాళ్ళది. నా శ్రమ నేనివ్వనని ఏ మనిషైనా అనవచ్చు. ఇంకొకరి పిల్లకు చదువు వద్దని ఏ పెద్దా అనటానికి వీల్లేదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో గాంబియా చూపింది. అక్కడి మందింకా సమాజంలో చిత్తడి నేలల్లో వరి పండించేది ఆడవాళ్ళు. వాళ్ళలో పొలాలు రెండు రకాలు. ‘మరువో’ అంటే ఇంటిల్లిపాదికీ చెందే పొలం, దాని మీద పెత్తనం ఇంటి యజమానిది. ‘కమన్యాంగో’ అంటే పండించిన మనిషే పంటకు హక్కుదారు. 1984లో జహాలీ, పచార్ చిత్తడి నేలల్లో నీటిపారుదల పథకం వచ్చి ఏటా రెండు పంటలు మొదలయినాయి. ఆడవాళ్ళు ఆందోళన చేస్తే మడులు వాళ్ళ పేర రాశారు. కాని వాటిని మరువో కిందనే జమకట్టారు. పేరు భార్యది, పంట భర్తది, రెట్టింపయిన చాకిరీ మళ్ళీ భార్యదే. చాలామంది ఆడవాళ్ళు కూలి ఇస్తేగాని మడిలో దిగమన్నారు. కొందరు ఆ పనే మానుకున్నారు. నీళ్ళకు, పంపులకు, విత్తనాలకు లెక్క కట్టిన పథకం ఆడదాని శ్రమను మాత్రం ఊరికే దొరికేదనుకున్నది. ఆ ఆడవాళ్ళ ‘కాదు’ అభివృద్ధికి అడ్డం కాదు. అక్కడ అన్నిటికన్న అభ్యుదయకరమైన మాట అదే.

పై నుంచి వచ్చినవాళ్ళు వినటం నేర్చుకుంటే ఏమవుతుందో బుర్కినా ఫాసోలోని యతెంగా ప్రాంతం చెబుతుంది. 1979లో ఆక్స్‌ఫామ్ సంస్థ అక్కడ చెట్లు పెంచే పథకం మొదలుపెట్టింది. రైతులకు చెట్టు కన్న జొన్న ముఖ్యం. ఆ నీళ్ళు మా చేలల్లో నిలపండన్నారు. పథకం తన లక్ష్యాన్నే మార్చుకున్నది. వాలుకు అడ్డంగా రాళ్ళవరసలు పేర్చటం అక్కడివాళ్ళ పాత పద్ధతే. వాలు సరిగా కొలవటమే వాళ్ళకు కష్టంగా ఉండేది. మన తాపీమేస్త్రీలు గోడమట్టం చూసుకునే నీళ్ళగొట్టం లాంటిది వాళ్ళకిచ్చి వాడటం నేర్పారు. చదువు రానివాళ్ళు సైతం రెండు మూడు రోజుల్లో నేర్చుకున్నారు. అదే ప్రాంతంలో యాకూబా సవడోగో అనే రైతు ‘జాయి’ అనే పాత గుంటల పద్ధతిని మెరుగుపరచి బీడు నేలలో పంటా చెట్లూ పెంచాడు. 2023లో చనిపోయేనాటికి ఆయన పేరు ప్రపంచానికి తెలుసు. పక్కనున్న నైజర్‌లో ఫ్రెంచివాళ్ళ కాలపు చట్టాల ప్రకారం చెట్టు ప్రభుత్వానిది. ప్రభుత్వం నాటించిన మొక్కలు చాలామటుకు చచ్చిపోయాయి. 1980ల నడుమ నుంచి ఆ చట్టాల పట్టు సడలి, మోళ్ళ నుంచి వచ్చే చిగుళ్ళను రైతులే కాపాడుకోవటం మొదలుపెడితే సుమారు 50 లక్షల హెక్టార్లు పచ్చబడ్డాయి. అదనంగా వచ్చింది విజ్ఞానం కాదు, హక్కు.

పథకాల అమలు బాగుపడాలంటే ఏం చెయ్యాలో ఇందులోనే ఉన్నది. కొత్త పద్ధతిని ముందు కొద్ది నేలలో ఒకటి రెండు పంటలు పరీక్షించాలి, ఆ నష్టం పథకమే భరించాలి. కాలవలో నీళ్ళు రాకముందే నేల ఎవరిది, పంట ఎవరిది, శ్రమకు ప్రతిఫలమేమిటన్నది ఆడవాళ్ళ ఎదుట తేలాలి. అధికారిని ఆ ఏటి ఖర్చును బట్టి కాక, అయిదేళ్ళ తర్వాత పనిచేస్తూ మిగిలినదాన్ని బట్టి అంచనా కట్టాలి. సహారాకు దక్షిణాన ఉన్న దేశాల్లో చేతిపంపులు మూడింట ఒకటి పనిచెయ్యటం లేదని 2009లో అంచనా వేశారు. వాటిలో ప్రతిదీ ఏదో ఒక నివేదికలో ఘనవిజయంగా నమోదయినదే. ఆ నివేదికలను ఆ ఊరి భాషలో ఆ ఊళ్ళోనే చదివి వినిపించాలి. అబద్ధమని ఊరు అంటే ఆ మాట కూడా నివేదికలో చేరాలి.

వీటివల్ల పనులు ఆలస్యమవుతాయి. కావచ్చు. కోంగ్వాలో పని ఎంతో వేగంగా జరిగింది. పేదవాణ్ణి ప్రేమించటం కష్టం కాదు, ఆ పని అందరూ చేశారు. అతను వద్దన్నప్పుడు ఆగటమే కష్టం.