ప్రభుత్వ ద్రవ్యము – కాయక ధర్మము

కల్యాణ పట్టణమున ఆయ్దక్కి మారయ్య యను శరణుడు ఉండెను. బసవేశ్వరుని మహామనె ముంగిట నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఆ బియ్యమును వండి, జంగమార్చన గావించి, శేషమును ప్రసాదముగా స్వీకరించి ఆ దంపతులు కాలము గడుపుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యము కంటె అధికముగా బియ్యము తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ చేటలోని రాశిని చూచి సంతోషింపలేదు. ఈ దినమున ఇంత యేల వచ్చినదని అడిగి, తమకు వలసినంత మాత్రము ఉంచుకొని, తక్కినదానిని ఆ ముంగిటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను.

ఈ కథ వినని లింగాయతు కుటుంబము ఉండదు. లక్కమ్మ వైరాగ్యమునకు నిదర్శనముగా దీనిని చెప్పి ముగించుట పరిపాటి. అయితే ఆ బియ్యము దొంగిలి తెచ్చినది కాదు. ఎవ్వరును అడ్డు చెప్పలేదు. మారయ్య మానివేసినచో మరియొకరు ఏరుకొని పోవుదురు. అట్టి ద్రవ్యమును తీసికొనుటలో కూడ తప్పొప్పులు ఉన్నవా యనునది లక్కమ్మ లేవదీసిన ప్రశ్న. నేటి పల్లెలకు ఆ ముంగిలి ప్రభుత్వ ఖజానా.

1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము మొదలైనప్పటి నుండి పల్లెల ఉద్ధరణకు ప్రభుత్వ నిధులు ఏదో ఒక పేరున వచ్చుచునే యున్నవి. ఆ పథకమున ప్రజల చొరవ లోపించినదని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము చెప్పెను. 1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యము నెలకొనెను. తరువాత 1978లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకము, 1982లో స్త్రీల కొరకు డ్వాక్రా, 1997లో జన్మభూమి వచ్చెను. 2005 నాటి ఉపాధి హామీ చట్టము అనంతపురము జిల్లా బండ్లపల్లెలో 2006 ఫిబ్రవరి 2వ తేదీన అమలునకు వచ్చినప్పుడు, తొలి విడత జిల్లాలలో చిత్తూరు కూడ ఒకటి. పేర్లు మారినవి, తెచ్చిన ప్రభుత్వములు మారినవి. పుచ్చుకొను చేతికి ఉండవలసిన ధర్మమేమో మాత్రము ఎవ్వరును తీరికగా విచారించినట్లు కనబడదు.

ఆ ద్రవ్యము ఎవరిదో ముందు తెలియవలెను. ఖజానాలోని ధనము మంత్రిది కాదు, అధికారిది కాదు. అగ్గిపెట్టె కొన్న కూలివాడును, సబ్బు కొన్న ఇల్లాలును పన్ను కట్టినవారే. అనగా అది కోట్లాది జనుల కాయకమునుండి తీసి ఒక చోట పోసిన రాశి. ఈ సంగతి మరచుటచేతనే పది లక్షల రూపాయల రోడ్డునకు పదడుగుల పేరు పలక నిలుచుచున్నది. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు, జనుల సొమ్మును జనులకే ఇచ్చి దాత యనిపించుకొనుట చూచువారికి నవ్వు పుట్టించును.

శరణులు దానమను మాటకంటె దాసోహమను మాటను మిక్కిలి ఆదరించిరి. దానమున ఇచ్చువాడు పై మెట్టున నిలుచును. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. తనదని చెప్పుకొనుటకు వానికేమియు లేదు. ప్రభుత్వ సహాయమును దానముగా భావించినచో పల్లెవాడు చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చును. దాసోహముగా భావించినచో తలయెత్తి అడుగవచ్చును. అయితే సర్కారు సొమ్ము ఊరక వచ్చినది, ఏమైననేమి యని పలుకుటకు మాత్రము వీలుండదు. అది తోటి శరణుల చెమట గనుక.

చిత్తూరు సీమకు ఈ విచారము క్రొత్తది కాదు. ఏడాది పొడుగున పారు నది ఇచట లేదు. స్వర్ణముఖి, బాహుదా, పించ, కౌండిన్య – అన్నియు వాన కురిసిన నాడు పొంగి, పిమ్మట ఇసుకగా మిగులునవే. కావున ఈ సీమ చెరువుల సీమ అయినది. చెరువునకు ధనము పెట్టువాడెవ్వడు, దానిని కాపాడువాడెవ్వడు అను ప్రశ్న ఇచట మొదటినుండియు ఉన్నది. తిరుమల తిరుపతి దేవస్థానమువారు ప్రకటించిన శాసన సంపుటములలో, 15, 16 శతాబ్దుల నాటి శాసనములందు ఒక పద్ధతి మరల మరల కనబడుచున్నది. రాజు గాని, సామంతుడు గాని, వర్తకుడు గాని కొంత ధనమును శ్రీభండారమునకు సమర్పించును. దేవస్థానమువారు ఆ ధనముతో తమ గ్రామములలో చెరువులు బాగుచేయించి, కాలువలు త్రవ్వించి, అధికముగా పండిన పంటతో దాత పేర నైవేద్యము జరుపుదురు. నైవేద్యమైన ప్రసాదమున నాలుగవ వంతు దాతకు చెందును. బర్టన్ స్టైన్ అను చరిత్రకారుడు 1960 ప్రాంతమున ఈ శాసనములను పరిశోధించి, ఆనాటి దేవాలయము సేద్యాభివృద్ధికి ఎంత తోడ్పడినదో విపులముగా వ్రాసెను.

ఇష్టలింగ నిష్ఠులకు దేవాలయ ప్రసక్తి యేల యని ఎవరైన అడుగవచ్చును. స్థావర పూజ విషయమున శరణుల అభిప్రాయము వేరే. ఇచట గమనింపవలసినది ఆ ఒడంబడికలోని కట్టుబాటు. చెరువు తెగినచో పంట లేదు. పంట లేనిచో నైవేద్యము లేదు. నైవేద్యము లేనిచో దాతకు చెందు నాలుగవ వంతును లేదు. ఇచ్చినవాడును, నడపినవాడును, పండించినవాడును ఒకే నీటికి కట్టుబడి యుండిరి.

ఇట్టిదే దశబంధ ఇనాము. రాయలసీమ జిల్లాలలో ఇది విరివిగా ఉండెడిది. చెరువు కట్టించినవానికిని, దాని మరమ్మతు భారము వహించినవానికిని ఆ చెరువు క్రిందనే కొంత భూమిని పన్ను లేకుండనో, తగ్గించిన పన్నుతోనో ఇచ్చెడివారు. ఇనాము అనుభవించినంత కాలము కట్ట, తూము, కలుజు వాని బాధ్యత. ఈ ఏర్పాటును మరీ పొగడుటయు న్యాయము కాదు. కట్ట పోసిన చేతులు వేరు, ఇనాము అనుభవించిన ఇండ్లు వేరు. తట్ట మోసిన వానికి దశబంధము దక్కలేదు. 1956లో ఆంధ్ర ప్రాంతపు ఇనాముల రద్దు చట్టము వచ్చినందుకు ఎవ్వరును చింతింప నక్కరలేదు. చింతింపవలసినది మరియొకటి కలదు. ఇనాముతో పాటు, సహాయము పొందినవాడు చెరువునకు బాధ్యుడను భావము కూడ పోయినది. 1997లో రైతుల నీటి సంఘములకు చట్టము వచ్చినను, చాల చెరువుల విషయమున కట్టమీది కంప సర్కారుది, చెరువులోని నీరు మాత్రము మనది యను తలపు పోలేదు. 2021 నవంబరు వానలకు తిరుపతి చేరువనున్న రాయలచెరువు కట్టనుండి నీరు ఊరగా, గండి పడునేమో యను భయమున దిగువ గ్రామముల ప్రజలను ఖాళీ చేయించవలసి వచ్చెను. ఇసుక బస్తాలతో కట్టను నిలిపిరి. రాయల కాలము నాటిదని చెప్పుకొను చెరువు అది. కట్టను ప్రతి వేసవియందును నడచి చూచు బాధ్యత ఊరివారిదా, శాఖవారిదా యని అడిగినచో, అట్టి చెరువులు గల ఏ ఊరును వెంటనే జవాబు చెప్పజాలదు.

ప్రజల వంతు కూడ ఉండవలెనను నియమము జన్మభూమి నాడు పెట్టిరి. శ్రమగా గాని, ధనముగా గాని ఊరు తన భాగము ఇచ్చినప్పుడే పని మంజూరగును. శరణ ధర్మమునకు ఇది మిక్కిలి సన్నిహితమైన ఆలోచన. కాని కొన్ని తావులందు ఆ వంతును గుత్తేదారే కట్టి, దానిని పనిలోనే రాబట్టుకొనెను. కాగితమున శ్రమదానము, నేలమీద పలుచని సిమెంటు! కాయకమునకు ప్రతినిధిని పంపుట లింగపూజకు కూలివానిని పెట్టుకొనుట వంటిది.

ఇప్పుడొక ఊరిని ఊహింతము. 15వ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు పంచాయతీలకు నిర్ణయించిన నిధులలో నూటికి 60 వంతులు త్రాగునీటికిని పారిశుధ్యమునకును కట్టుబడినవి. 40 వంతులు ఊరి అవసరమును బట్టి వాడుకొనదగినవి. మార్చి నెల దగ్గర పడినది. చెరువునకు నీరు తెచ్చు వాగు కాలువ పూడి యున్నది. ఇంకొక ప్రక్క, పొరుగూరిలో సముదాయ భవనము లేచినది గనుక తమ ఊరిలోను ఒకటి కావలెనని పెద్దల కోరిక. భవనము కంటికి కనబడును, పెండ్లిండ్లకు పనికివచ్చును. పూడిక తీసిన కాలువ ఒక్క వానకు గడ్డిలో కలిసిపోవును. దానిమీద ఎవరి పేరును వ్రాయుటకు చోటు లేదు. ‘మనము తీసికొననిచో వేరొక ఊరు తీసికొనును’ అను మాట సభలో ఎవరో ఒకరు తప్పక అందురు. ఇది మారయ్య చేటను నింపిన మాటయే. దానికి లక్కమ్మ ప్రత్యుత్తరము తెలిసినదే: వేరొకరు తీసికొనుదురన్నది తాము తీసికొనుటకు కారణము కాజాలదు, ఆ వేరొకరికి అవసరము ఎక్కువైనచో అది తీసికొనకుండుటకే కారణము.

అయితే లక్కమ్మ మాటను ఎవరు ఎవరికి చెప్పుచున్నారో చూడవలెను. ఆమె దానిని తన ఇంటిలో, తన భర్తకు చెప్పెను. పొరుగింటి పేదరాలి చేటను తరచి చూడలేదు. ఇరువది ఎకరముల మామిడి తోట గలవాడు బిందు సేద్యమునకు రాయితీ పొంది, మధ్యాహ్నము అరుగుమీద కూర్చుండి, ‘ఊరక పెట్టి జనులను సోమరులను చేసిరి’ అని కూలివారిని నిందించుట ఈ సీమలో అరుదైన దృశ్యము కాదు. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకమున సన్నకారు రైతునకు ఆవు వెలలో మూడవ వంతు రాయితీగా ఇచ్చి, తక్కినది బ్యాంకు అప్పుగా ఇచ్చిరి. ఒకే ఆవును పది ఇండ్ల ముందు కట్టి చూపిన కథలు చెప్పి నవ్వువారు, ఆ ఆవు పాలతో పిల్లలను బడికి పంపిన ఇండ్ల మాట ఎత్తరు. ఉపాధి హామీ పనిలో ఎండలో గుంత త్రవ్వి పుచ్చుకొన్న కూలి దయ యనిపించుకొనదు. అది కాయక ఫలము. ఏడాదికి నూరు దినముల పని అడిగినవాడు భిక్ష అడుగలేదు, కాయకమే అడిగెను. ఆకలిగొన్నవానికి అపరిగ్రహము బోధించుట శరణ మార్గము కాదు.

ఇక లెక్కల మాట. బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమునకు అధికారిగా నుండెను. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు కొండెములు చెప్పగా, భాండాగారమును తెరచి లెక్కింపగా లోపమేమియు కనబడలేదని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. భక్తులు దీనిని మహిమగా తలంతురు, తప్పు లేదు. కాని మహిమకంటె ముందు జరిగినది ఒకటి కలదు: లెక్క అడిగిరని బసవన్న అలుగలేదు, తాళము చెవి దాచలేదు. ఆంధ్రప్రదేశమున ఉపాధి పనులకు సామాజిక తనిఖీ పెట్టి, మస్టరులోని పేర్లను గ్రామసభలో బిగ్గరగా చదివించినప్పుడు, చనిపోయినవారి పేర కూలి వ్రాసికొన్న సంగతులు బయటపడిన ఊళ్లు కలవు. చదివించుకొనుటకు కొందరు అవమానపడిరి. భండారి బసవన్న పేరు చెప్పుకొనువారికి అది అవమానము కారాదు.

మఠములకు కూడ విద్యార్థి వసతికిని, భవనములకును ప్రభుత్వ సహాయము అందుట కలదు. అందులో దోషము లేదు. పిల్లల అన్నమునకు వచ్చినది ఏ ముంగిటినుండి వచ్చినను బియ్యమే. ఇచ్చినవారి పేరు చెక్కిన రాతి పలక అట్టి భవనముల గుమ్మము ప్రక్కన ఎట్లును ఉండును. ఎంత వచ్చినది, ఎంత వ్యయమైనది, మిగిలినది ఎచట నున్నది అని వ్రాసిన పలక ఒకటి దాని సరసన పెట్టుటకు గోడమీద చోటు కావలసినంత కలదు.