ఎరవిచ్చుటలోని ధర్మము

అప్పు, బదులు, ఎరవు అను మూడు మాటలు మన భాషలో వేర్వేరు అర్థములతో నిలిచియున్నవి. అప్పు ధనమునకు సంబంధించినది. బదులు తెచ్చిన బియ్యము వండుకొనుటకే. తిరిగి ఇచ్చునది వేరు బియ్యము. ఎరవు అట్టిది కాదు. ఏ వస్తువు తెచ్చితిమో ఆ వస్తువునే, తెచ్చినది తెచ్చినట్లుగా, తిరిగి ఇయ్యవలెను. కావున ఎరవిచ్చువాడు వస్తువుతోపాటు నమ్మకమును కూడ ఇచ్చుచున్నాడు.

ఈ విచారము మాకు గ్రంథములవలన గాక సైకిళ్లవలన కలిగినది. 1948లో ఏర్పడిన ఐ.టి.ఐ.కిని, 1953లో ఏర్పడిన హెచ్.ఎం.టి.కిని పనివారు సైకిళ్లమీద బారులుతీరి పోయిన నగరమిది. గుమాస్తాగా నున్న దినములలోను, విరామము పొందిన పిదపను, ఇరుగుపొరుగువారి సైకిళ్లు బాగుచేయుట మాకు అలవాటు. "స్వల్ప స్పానర్ కొడి సార్" అని అడిగినవారివలననే మాకు కన్నడము నోటికి పట్టువడినది.

అయినను, అడిగిన ప్రతి పనిముట్టును ఇయ్యవలెనా? ఇయ్యకుండుట లోభము కాదా?

ప్లేటో రచించిన 'రిపబ్లిక్' మొదటి భాగమున సోక్రటీసు ఇట్టి ప్రశ్ననే లేవదీసెను. మిత్రుడొకడు స్వస్థచిత్తుడై యున్నపుడు మనవద్ద దాచిన ఆయుధమును, మతి చలించిన పిదప వచ్చి అడిగిన, ఇయ్యవచ్చునా? ఇయ్యరాదనుటలో ఎవరికిని సందేహము లేదు. అతని సొత్తు విషయమే ఇట్లుండగా, మన సొత్తును ఇయ్యకుండుట ఎల్లప్పుడు లోభము కానేరదు. మమకారముచేత నిరాకరించుట వేరు. కీడునకు వెరచి నిరాకరించుట వేరు.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 150వ సెక్షను, ఇచ్చు వస్తువునందు తనకు తెలిసిన లోపమును, అది వాడుకకు అడ్డమైనను అపాయకరమైనను, ముందుగా చెప్పవలెనని యజమానిని ఆదేశించుచున్నది. మా అనుభవమున లోపము వస్తువునందే ఉండనక్కరలేదు. వాడుక తెలియకపోవుటయు లోపమే. సైకిలు ఎడమ పెడలు మర ఎదురుతిప్పుడుది. అది తెలియనివాడు బలము కొలది పానా తిప్పినచో మర చెడును. పానాతోపాటు ఈ ఒక్క మాట చెప్పనివాడు సగము సహాయమే చేసినవాడు.

కావున మేము పనిముట్లను మూడు తెగలుగా ఎంచుచున్నాము. గాలిపంపు, టైరు లీవర్లు మొదటి తెగ. పోయిన నష్టము మాదే గనుక ఎవరడిగినను ఇత్తుము. పానాలు రెండవ తెగ. చెడునది అడిగినవాని సైకిలే గనుక, చెప్పవలసినది చెప్పి ఇత్తుము. చువ్వలు బిగించు కీ మూడవ తెగ. వెనుక చక్రమునకు నలుబది చువ్వలుండు పాతకాలపు సైకిళ్లలో కొన్నిటిని అడ్డదిడ్డముగా బిగించిన చక్రము వంకరపోవును. ఆపై బ్రేకు సరిగా పట్టదు. దానివలన కీడు దారినిపోవు మూడవ మనిషికి. కావున ఆ కీని ఇయ్యము. "చక్రమును తీసికొనిరండి, కలిసి చేయుదము" అందుము. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలై 2015లో మన బెంగుళూరునకు వచ్చిన రిపేర్ కెఫేల పద్ధతియు దీనికి దగ్గరదే: వస్తువు తెచ్చినవాడు కూర్చుండి, పని చూచి, తానును చేయి కలుపును.

అయితే ఇందొక ప్రమాదము కలదు. పనిముట్లను తెగలుగా ఎంచు మనస్సు మెల్లగా మనుష్యులను ఎంచసాగును. "వారు మనవారు, ఇయ్యవచ్చును; వీరు ఎవరో, ఇయ్యరాదు" అని కులమునుబట్టియో భాషనుబట్టియో తూచినచో మన వివేకమంతయు కపటమే. పరీక్ష సులభము: ఈ కీని సొంత మేనల్లుడు అడిగినను ఇయ్యమా? అతనికి ఇచ్చునట్లయిన పొరుగువానికిని ఇయ్యవలసినదే.

మరియొక చిక్కు. వీధి మలుపున సైకిలు షాపు పెట్టుకొన్నవాని కూడు పంక్చర్లలోనే యున్నది. మేము ఉచితముగా చేసిన ప్రతి పంక్చరు అతని జేబునుండి పోయినదే. పొరుగువారికి చేసిన మేలును పేదవాని ఖర్చులో వ్రాయుట ధర్మమా? రూపాయి లేనివానికిని, రాత్రివేళ చిక్కుకొన్నవానికిని చేయుదుము. తక్కినవారిని షాపునకే పంపుదుము. దీనిని కొందరు నిర్దయ యనిరి.

దానమున ఇచ్చువాడు వస్తువును మరచిపోవచ్చును. ఎరవున మరచుటకు వీలులేదు. ఇచ్చిన వస్తువును, పుచ్చుకొన్న మనిషిని, వారిరువురివలన బాగుపడువానిని, చెడువానిని కూడ తలచుకొనవలెను. చేయి చాచినవారికి ఏమి ఇత్తుమో నిర్ణయించుట పెట్టె తాళముచేత కాదు, ఆ తలపుచేత జరుగవలెనని మా అభిప్రాయము.