వాడి ఫలం వదులుకోవడానికి నేనెవరిని?

బైరెడ్డిపల్లెలో పొద్దున్నే మా గ్రౌండుకు వచ్చే పిల్లోళ్లు చాలామంది అప్పటికే ఆవుల దగ్గర పాలు పిండి, డెయిరీలో పోసి వచ్చుంటారు. పొదుగుకు రాసిన నూనె జిడ్డు చేతుల్ని ఇంకా వదిలుండదు. మట్టి రుద్దుకోమంటాను, లేకుంటే కబడ్డీలో పట్టు నిలవదు. ఈ పనిలో ఉండి గీత చదివితే రెండో అధ్యాయం 47వ శ్లోకం దగ్గర ఆగిపోవాల్సి వస్తుంది.

పని చేయడమే నీ వంతు, ఫలం మీద ఆశ పెట్టుకోవద్దంటాడు కృష్ణుడు. ఆటలు నేర్పే అయివారికి ఇందులో పేచీ ఏముంది? మెడల్ ఆడినవాడి మెడలో పడుతుంది, సర్టిఫికెట్టు వాడి పేరున వస్తుంది. మాకు మిగిలేది బస్సు చార్జీ, ఒక టీ. నిష్కామకర్మ మాకు ఉద్యోగంతోబాటే వచ్చేసింది. చిక్కంతా ఇంకో చోట ఉంది. నా ఫలం నేను వదులుకోగలను. వాడి ఫలాన్ని వాడి తరఫున వదిలేసే అధికారం నాకెవరిచ్చారు?

ఒక టోర్నమెంటులో మా మంచి రైడరుకు సెమీఫైనల్లోనే చీలమండ వాచింది. వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఆడతానన్నాడు. ఫైనల్లో కూర్చోబెట్టాను, ఓడిపోయాం. సాయంత్రం వాళ్ల తాత వచ్చాడు. కోపమేమీ లేదు. "కాలు నెలకు బాగయ్యేది అయివారూ. గెలిచుంటే ఆ కాగితం వాడి బతుకంతా ఉండేది గదా?" అన్నాడు. ఆయనకు గీత తీసి చూపించలేను.

ఆ గీత చెప్పినాయనే ఏం చేశాడో చూడండి. ఆయుధం పట్టనని మాటిచ్చి రథం తోలాడు. మా లెక్కన లైను బయట నిలబడిన కోచ్ అన్నమాట. భీష్ముడి బాణాలకు అర్జునుడు తట్టుకోలేకపోతుంటే చక్రం పట్టుకుని రథం మీంచి దూకేశాడు. ఫలాపేక్ష వద్దన్న నోరు అదే, ఒట్టు మరిచిన చెయ్యీ అదే. భాగవతంలో అంపశయ్య మీద ప్రాణం వదులుతూ భీష్ముడు తలుచుకున్నది ఆ దూకిన కృష్ణుణ్ణే. తన కోసం కోరడం వేరు, నమ్ముకున్నవాడి కోసం కోరడం వేరు అని నేను తేల్చుకున్నది అక్కడే. వేదాంతులు ఒప్పుకుంటారో లేదో.

అట్లని ఎంతదాకా కోరొచ్చు? అమెరికాలో మినెసోటా రాష్ట్రంలో బెనెడిక్టైన్ సన్యాసుల కాలేజీ ఒకటుంది, సెయింట్ జాన్స్. అక్కడ జాన్ గాగ్లియార్డి 1953 నుంచి 2012 దాకా వాళ్ల ఫుట్‌బాల్ నేర్పాడు. ఒకరినొకరు గుద్దుకునే ఆట అది. ఆయన ప్రాక్టీసులో పడగొట్టుకోవడమే నిషేధం, విజిల్ లేదు, తనను కోచ్ అని పిలవనిచ్చేవాడు కాదు. అంతకుముందు పనిచేసిన చోటుతో కలిపి 489 మ్యాచ్‌లు గెలిపించాడు. పిల్లల ఒళ్లు కాపాడుతూ గెలవొచ్చని చెప్పడానికి నాకు ఆయనే సాక్షి.

మన సయ్యద్ అబ్దుల్ రహీం కథ ఇంత తేలిగ్గా తేలదు. హైదరాబాద్‌లో బడిపంతులుగా మొదలై, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన మనిషి. 1962లో ఊపిరితిత్తుల్లో కాన్సర్ పెట్టుకుని జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లారు. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరసలో ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, ఒక గోలు జర్నైల్‌దే. మరుసటి ఏడు జూన్‌లో రహీం పోయారు. తన ప్రాణాన్ని పణంగా పెట్టడం ఆయన ఇష్టం. ఆ కుట్ల తల సంగతో? గెలిచారు కాబట్టి సాహసం అంటున్నాం. కుట్లు తెగి మైదానంలో కూలిపోయుంటే మనమే ఇంకో పేరు పెట్టేవాళ్లం. 47వ శ్లోకం నోటికొచ్చినోళ్లం కూడా పనిని తూచేది ఫలంతోనే.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి అసలు పోటీనే, పోలికనే వద్దన్నారు. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది. కానీ మా రైడరు ఇప్పుడు కానిస్టేబుల్ సెలక్షన్‌కు 1600 మీటర్లు పరుగెత్తుతున్నాడు. అక్కడ పోలిక వాచీతో. చీలమండ బాగైంది. స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేది నేనే. టైము ఇంకా తగ్గాలని నాకు గట్టి ఆశ ఉంది, దాన్ని వదులుకునే ఉద్దేశం మాత్రం లేదు.