ఆలస్యము ఎవరికి మేలు?

పట్టణములలో ఇప్పుడొక మాట వినబడుచున్నది. నిదానముగా ప్రయాణము చేయుట మనస్సునకు మంచిదట. వేగముగల బండ్లను విడిచి, ఊరూర ఆగు ప్యాసింజరు బండి ఎక్కి, జనసంచారము తక్కువైన సీమలగుండ పోవుచు కిటికీయొద్ద కూర్చుండి కొండలను, చేలను చూచుట గొప్ప విశ్రాంతియని చెప్పుదురు. మన సంఘములలోని పెద్దలు ఈ మాట విన్నయెడల నవ్వుకొందురేమో. మనము ప్యాసింజరు బండి ఎక్కునది విశ్రాంతి కొరకు కాదు. టిక్కెట్టు వెల తక్కువ గనుకను, మన ఊరిలో ఆగునది అదియే గనుకను ఎక్కుచున్నాము. అయినను చదువరులారా, ఆ మాటను నవ్వి విడువక కొంచెము ఆలోచింపవలెనని నా తలంపు. నిదానము మేలేనా? మేలైనచో ఎవరికి?

గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలు మార్గము మీలో అనేకులెరుగుదురు. దూరము సుమారు 250 కిలోమీటర్లు. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ దాటి మార్కాపురము చేరుదుము. మన పిల్లలు అక్షరములు దిద్దుకొనిన పలకలు ఎన్నియో ఈ ఊరి గనులలోని రాతితో చేసినవే. నా పలక కూడ అక్కడిదేయని నా తండ్రిగారు చెప్పెడివారు. తరువాత కంభము. అక్కడ గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ కట్ట వేసి నిలిపిన చెరువు కొన్ని వందల యేండ్ల నాటిది. 2020లో దానిని ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడములలో చేర్చిరి. గిద్దలూరు దాటి దిగువమెట్ట చేరగానే నల్లమల మొదలగును. అటుపైన బొగద, చలమ, గాజులపల్లె. టేకు చెట్లు, వెదురు పొదలు, వంపుల మీద వంపులు. భుజమున సుత్తి పెట్టుకొని పట్టాల వెంబడి నడచుచు ప్రతి బిగింపును పరీక్షించు కీమాను బండికి ప్రక్కగా జరిగి నిలుచుండును. వేగముగా పోవువానికి ఈ మనుష్యుడు కనబడడు. అతని కాళ్ల నడకమీదనే తన ప్రాణము ఆధారపడియున్నదని కూడ వానికి తోచదు.

నిదానమునందున్న మేలు ఇదియే. దారి మధ్యనున్న ఊరు మన రెండు స్టేషనుల నడుమ మిగిలిన ఖాళీ స్థలము కాదని, అచ్చటివారికి అదియే లోకమని మనకు తెలియును. కిటికీ క్రిందికి సీతాఫలముల గంప తెచ్చిన స్త్రీతో రెండు మాటలాడినయెడల ఆ యేడు వాన ఎట్లున్నదో, అడవిలో ఫలము ఎంత దొరకినదో తెలియును. ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఈ మార్గము పుట్టిన విధము వేరు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో మద్రాసు రాజధాని ప్రాంతములలో లక్షలకొలది జనులు చనిపోయిరి. రైలు లేని సీమలకు ధాన్యము ఎద్దుబండ్లమీద పోవలెను. గడ్డి లేక ఎద్దులే చచ్చుచుండగా ధాన్యమెట్లు చేరును? రైలున్నచోట్ల కొన్నిటినుండి ఆ రైలుమీదనే ధాన్యము బయటికి తరలిపోయినదన్న సంగతియు మరువరాదు. కరవు తరువాత ప్రభుత్వము నియమించిన కమీషను, కరవు సీమలకు రక్షణగా రైలు మార్గములు వేయవలెనని 1880లో సలహా యిచ్చెను. బళ్లారి-కృష్ణా రైలుమార్గమను పేరుతో 1880ల దశాబ్దములో మీటరుగేజిగా ఈ పట్టాలు పరచుటకు అట్టి తలంపే కారణము. అనగా నేడు నిదానమును కోరువారు వెదకి ఎక్కు ఈ దారి, ఆకలిగొన్నవారికి అన్నము త్వరగా చేరవలెనని వేసినది.

ఆ కరవులోనే ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వించు పని కంట్రాక్టుగా తీసికొని వేలమందికి కూలి కల్పించిరి. పని త్వరగా దొరకవలెనని తొందరపడిన ఆయనే, బాప్తిస్మము కోరి వచ్చినవారిని మాత్రము కరవు సహాయము ముగియువరకు నిలిపి ఉంచిరి. బియ్యము కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో తేలవలెనని ఆయన యుద్దేశము. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద ఇదే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఎక్కడ పరుగెత్తవలెనో, ఎక్కడ ఆగవలెనో ఆయనకు తెలిసియుండెను.

ఒంటి లైను దినములలో ఒకసారి మా బండి ఎదురు బండికొరకు దిగువమెట్టలో ముప్పాతిక గంట నిలిచెను. నా యెదుట పట్టణమునుండి సెలవులకు వచ్చిన యువకుడొకడు కూర్చుండెను. అడవిలోని నిశ్శబ్దము, కోతులు, పక్షుల కూతలు చూచి, విని అతడు పరవశుడై, “పాస్టరుగారూ, బండి ఇంకో గంట ఇక్కడే ఆగితే ఎంత బాగుంటుందండీ!” అనెను. ప్రక్క బల్లమీద గిద్దలూరులో ఎక్కిన తల్లి యొకతె జ్వరముతో మూలుగుచున్న బిడ్డను ఒడిలో పెట్టుకొని నంద్యాల ఆసుపత్రికి పోవుచున్నది. ఆమె కోపపడలేదు. “అట్ల అనబాకు నాయనా” అని మాత్రము అనెను. యువకుని ముఖము చిన్నబోయెను. అతడు చెడ్డవాడు కాడు. తన విశ్రాంతి కొలతతోనే బండిలోనివారందరి సమయమును కొలిచెను, అంతే. తరువాత తన నీళ్ల సీసా ఆమెకిచ్చి, గుడ్డ తడిపి బిడ్డ నుదుట వేయుటకు సహాయపడెను.

మార్కు సువార్త 5వ అధ్యాయమును తలంచుకొనుడి. యాయీరు కుమార్తె చావనైయున్నది. ప్రభువు వాని యింటికి బయలుదేరెను. దారిలో పండ్రెండేండ్లనుండి రక్తస్రావముగల స్త్రీ ఆయన వస్త్రము ముట్టగా ఆయన నిలిచి, ఆమె ఎవరో తెలిసికొని, ఆమె మాటలన్నియు వినెను. ఆ ఆలస్యము స్త్రీకి జీవము. యాయీరుకో? ఆ నిలిచిన నిమిషములు అతనికి ముండ్లమీద నిలిచినట్లే యుండును. ఇంతలో బిడ్డ చనిపోయెనన్న వార్తయే వచ్చెను. ఈ భాగముమీద ప్రసంగించువారు స్త్రీ విశ్వాసమును పొగడి, త్రోవలో నిలువబడిన ఆ తండ్రిని తరచుగా మరచెదరు. ప్రభువు మరువలేదు, ఆ వార్త చెవినిబడగానే అతనిని ధైర్యపరచి, ఆ యింటికే నడిచెను. ఆయన ఆగినది కూడ దృశ్యము చూచుటకు కాదు, బాధలోనున్న మనిషి కొరకు. నా కాలమును నేను తీరికగా గడపవచ్చును గాని, పొరుగువాని కాలమును తీరికగా గడుపుటకు నాకు ఎవరు అధికారమిచ్చిరి?

ఇంకొక సంగతి. 2020 మార్చిలో కోవిడు వలన దేశమంతట ప్రయాణికుల బండ్లు నిలిచిపోయినవి. తిరిగి నడిచినప్పుడు దేశములో కొన్ని బండ్లు చిన్న స్టేషనులలో ఆగుట మానినవి. బండి నిదానముగా పోవుట వేరు, చిన్న ఊరిలో ఆగుట వేరు. మనకు కావలసినది రెండవది.

గుంటూరు-గుంతకల్లు నడుమ 2016-17లో మంజూరైన రెండవ లైను పని చాలవరకు జరిగినది. అది అంతట పూర్తియైనచో ఎదురు బండికొరకు అడవిలో గంటలకొలది నిలిచియుండు పని తగ్గును. నిదానము కోరువారు దిగువమెట్టలో దిగి, తరువాతి బండి వచ్చువరకు చెట్టు క్రింద కూర్చుండవచ్చును. కిటికీనుండి నాకు కనబడు వెదురు పొదలు కొంత తగ్గును గాని, దానికి నేను విచారింపను.