ఆత్మరక్షణ, పరరక్షణ: బౌద్ధ స్మృతి సాధనలో ఒక నైతిక ప్రశ్న

డా. బి. ఆర్. అంబేడ్కర్ మరణానంతరం 1957లో వెలువడిన 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' గ్రంథపు పీఠికలో ఆయన కొన్ని చిక్కు ప్రశ్నలను పాఠకుల ముందుంచారు. వాటిలో ఒకటి భిక్షువును గురించినది. బుద్ధుడు భిక్షువును తీర్చిదిద్దినది పరిపూర్ణ మానవుడిగానా, సమాజ సేవకుడిగానా? కేవలం పరిపూర్ణ మానవుడైతే అతడు ఎంత పరిపూర్ణుడైనా స్వార్థపరుడే అవుతాడని, సేవకుడైతేనే బౌద్ధానికి ఆశ మిగులుతుందని అంబేడ్కర్ అభిప్రాయం. ఈ ప్రశ్న భిక్షువుతో ఆగదు. నిత్యజీవితంలో ధ్యానాన్ని సాధనగా స్వీకరించిన ప్రతి మనిషికీ ఇది వర్తిస్తుంది. తన శ్వాసను తాను గమనిస్తూ కూర్చున్నవాడు పక్కవాడి దుఃఖానికి ఏమి చేస్తున్నట్లు?

ధ్యానాన్ని పలాయనమని నిరసించేవారు, మనశ్శాంతికి ఉపాయమని మెచ్చుకొనేవారు పరస్పర విరుద్ధంగా కనిపించినా ఒకే ఊహను ఆశ్రయిస్తున్నారు. ధ్యానం దాన్ని చేసేవాడికి మాత్రమే సంబంధించినదన్నది ఆ ఊహ. పాళీ వాఙ్మయంలోని కొన్ని ఘట్టాలను, ఆచార్య నాగార్జునుడి 'సుహృల్లేఖ'ను ఆధారంగా చేసుకొని ఆ ఊహ ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్మృతి: లోపల, వెలుపల

పాళీలో 'సతి', సంస్కృతంలో 'స్మృతి' అనే మాటకు మూలార్థం జ్ఞాపకం. ధ్యాన సందర్భంలో అది చేస్తున్న పనిని, కలుగుతున్న అనుభూతిని మరవకుండా ఉండటాన్ని సూచిస్తుంది. తెలుగులో 'ఎరుక' దీనికి దగ్గరి మాట. 'మరపు' దానికి ప్రతిపక్షం. మనసు ఉండవలసిన చోట లేకపోవడాన్ని తెలుగువారు 'పరధ్యానం' అంటారు. ధ్యానం లేకపోవడం కాక, ధ్యానం మరెక్కడో ఉండటమే లోపమని ఈ మాట సూచిస్తుంది.

మజ్ఝిమ నికాయంలోని సతిపట్ఠాన సుత్తం స్మృతికి నాలుగు ఆధారాలను చెబుతుంది. అవి కాయం, వేదన, చిత్తం, ధర్మాలు. కాయానుపశ్యనలో శ్వాసను గమనించడంతోపాటు నిత్యకృత్యాలన్నీ చేరుతాయి. నడవడం, వెనుదిరగడం, చేతులు చాచడం, ముడవడం, వస్త్రం ధరించడం, తినడం, తాగడం, మలమూత్ర విసర్జన, నిద్ర, మెలకువ, మాట, మౌనం, వీటిలో ఏదీ సాధనకు వెలుపల లేదు. అంటే రోజులో ఒక గంటను ధ్యానానికి కేటాయించి, మిగిలిన గంటలను దానితో సంబంధం లేకుండా గడపడం ఈ సుత్తం ఉద్దేశించినది కాదు.

ఇక్కడ తగినంత దృష్టికి రాని అంశం మరొకటుంది. ప్రతి ప్రకరణం చివర సాధకుడు 'అజ్ఝత్తం', 'బహిద్ధా', 'అజ్ఝత్తబహిద్ధా' అని మూడు విధాలుగా అనుపశ్యన చేయాలని సుత్తం చెబుతుంది. లోపల, వెలుపల, రెండింటా అని దీని భావం. 'వెలుపల' అంటే ఇతరుల శరీరమేనని అట్ఠకథ వివరించింది. ఈ వివరణను అంగీకరిస్తే, తన వేదనను ఎరిగినవాడు ఎదుటివాడి వేదనను కూడా ఎరగడం సాధనలో భాగమే అవుతుంది. అది సాధన ముగిశాక ఎప్పుడో లభించే ఫలం కాదు.

గడపై ఇద్దరు

ఆత్మరక్షణకు, పరరక్షణకు గల సంబంధాన్ని సూటిగా చర్చించినది సంయుత్త నికాయంలోని సేదక సుత్తం. బుద్ధుడు సుంభుల దేశంలోని సేదకమనే నిగమంలో ఉన్నప్పుడు చెప్పిన కథ ఇది. వెదురు గడతో సాము చేసే ఒక గురువు గడను నిలిపి, మేదకథాలికుడనే శిష్యుణ్ణి గడ ఎక్కి తన భుజాలపై నిలబడమన్నాడు. ఒకరినొకరం కాచుకొంటే విద్య చూపి, సంపాదించుకొని, క్షేమంగా దిగుతామని గురువు అన్నాడు. శిష్యుడు దానికి ఒప్పుకోలేదు. ఎవరిని వారు కాచుకొంటేనే ఇద్దరం క్షేమంగా దిగుతామన్నాడు. శిష్యుడు చెప్పినదే సరైన పద్ధతి అని బుద్ధుడు నిర్ణయించాడు.

పైపైన చూస్తే ఇది స్వార్థాన్ని సమర్థించే కథగా తోచవచ్చు. అయితే గడసాము స్వభావాన్ని ఆలోచిస్తే శిష్యుడి మాటలోని వివేకం బోధపడుతుంది. కింద ఉన్నవాడు పైవాడి కాళ్ళనే చూస్తూ తన నిలకడను మరిస్తే ముందుగా పడేది పైవాడే. ఇద్దరి ప్రాణాలూ ఒకే గడకు ముడిపడి ఉన్నప్పుడు తన నిలకడను కాపాడుకోవడం ఎదుటివాడికి చేయగల ప్రాథమిక ఉపకారం. కోపాన్ని అదుపులో ఉంచుకోలేని తండ్రి బిడ్డ మేలుకోరి దండించినా ఆ ఇంట్లో మిగిలేది భయమే.

అయినా బుద్ధుడు శిష్యుడి మాటతో ఆగలేదు. తనను కాచుకొంటాననే సంకల్పంతోనూ, ఇతరులను కాచుకొంటాననే సంకల్పంతోనూ స్మృత్యుపస్థానాన్ని అభ్యసించాలని భిక్షువులకు చెప్పి, గురువు పలికిన మాటకు కూడా చోటిచ్చాడు. తనను కాచుకోవడం ద్వారా ఇతరులను కాచేది పదే పదే చేసే భావనాభ్యాసం. ఇతరులను కాచుకోవడం ద్వారా తనను కాచుకొనేది ఖంతి, అవిహింస, మెత్తచిత్తత, అనుద్దయతలు, అంటే ఓర్పు, హింసించకపోవడం, మైత్రి నిండిన మనసు, దయ. ఈ నాలుగూ ఒంటరిగా కూర్చొని పూర్తి చేయగల గుణాలు కావు. ఓర్పుకు విసిగించే మనిషి కావాలి. దయకు బాధపడే మనిషి కావాలి.

ఉపయోగం లేని భిక్షువు

ఈ సమన్వయం ఆచరణలో విఫలం కాగలదని వినయపిటకమే సాక్ష్యమిస్తుంది. మహావగ్గలోని చీవరక్ఖంధకంలో ఉదరవ్యాధితో బాధపడుతూ తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువు ప్రస్తావన ఉంది. ఆనందుడితో కలిసి వసతులను చూస్తూ వచ్చిన బుద్ధుడు, పరిచారకులెవరూ ఎందుకు లేరని ఆ రోగిని అడిగాడు. తాను తోటి భిక్షువులకు ఏ పనీ చేసిపెట్టలేదని, అందువల్ల వారు తనను పట్టించుకోవడం లేదని రోగి బదులిచ్చాడు. ఆనందుడు నీళ్ళు తెచ్చాడు. బుద్ధుడు నీళ్ళు పోయగా ఆనందుడు రోగి దేహాన్ని కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు పట్టి ఎత్తి మంచంపై పడుకోబెట్టారు. తరువాత బుద్ధుడు సంఘాన్ని సమావేశపరిచాడు. తల్లిదండ్రులు దగ్గర లేని మీరు ఒకరికొకరు పరిచర్య చేసుకోకపోతే మరెవరు చేస్తారని అడిగాడు. తనకు సేవ చేయగోరేవారు రోగికి సేవ చేయాలన్నాడు. రోగికి ఉపాధ్యాయుడో, ఆచార్యుడో, శిష్యుడో లేనప్పుడు ఆ బాధ్యత సంఘానిదేనని, తప్పితే దోషమని నియమం చేశాడు.

ఈ ఘట్టంలో రోగి మాట గమనించదగినది. ఉపకారానికి ప్రత్యుపకారం అనే లెక్క సంఘంలో చొరబడింది. ఎవరిని వారు కాచుకోవాలన్న శిష్యుడి మాటను దాని సందర్భం నుంచి విడదీస్తే చేరేది ఈ స్థితికే. అంబేడ్కర్ శంకించిన స్వార్థపరుడైన భిక్షువు ఊహాజనితుడు కాడని దీనివల్ల స్పష్టమవుతుంది. దీనికి విరుగుడుగా బుద్ధుడు ఉపదేశంతో సరిపెట్టక నియమాన్ని విధించడం కూడా ముఖ్యమే. వ్యక్తిగత సాధన కరుణకు దారితీస్తుందన్న నమ్మకంపైనే రోగి క్షేమాన్ని వదిలిపెట్టకూడదని ఆయన గుర్తించాడు.

త్యాగానికీ ఒక హద్దు

ఇతరుల కోసం తనను పూర్తిగా మరచిపోవడమే పరిష్కారమా? క్రీ.శ. 5వ శతాబ్దికి చెందిన బుద్ధఘోషుడు 'విసుద్ధిమగ్గ'లో మైత్రీభావనను వివరిస్తూ దీనికి సమాధానమిచ్చాడు. ఒక భిక్షువు తనకు ప్రియుడైనవాడితో, తటస్థుడితో, శత్రువుతో కలిసి కూర్చొని ఉండగా దొంగలు వచ్చి బలికి ఒక భిక్షువును ఇమ్మని అడుగుతారు. ఇతరులలో ఒకరిని తీసుకుపోనీ అనుకొంటే అతడి మైత్రి ఇంకా హద్దులను దాటలేదు. తననే తీసుకుపోనీ అనుకొన్నా దాటనట్లే. ఎవరిని ఇవ్వదలచాడో వారి కీడును అతడు కోరినట్లవుతుంది, ఆ వ్యక్తి తానే అయినా సరే. నలుగురిలో ఇవ్వదగినవారు ఒక్కరూ కనిపించనప్పుడే హద్దులు చెరిగిపోతాయి. బుద్ధఘోషుడు దీన్ని 'సీమాసంభేదం' అన్నాడు.

ఇక్కడ 'నేను' అనేది మిగిలినవారికంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. సొంత ఆరోగ్యాన్ని, విశ్రాంతిని కాదనుకొని ఇంటిల్లిపాదికీ చాకిరి చేసే స్త్రీని త్యాగమూర్తి అని కీర్తించే మన అలవాటును ఈ దృష్టాంతం ప్రశ్నిస్తుంది. ఆమెను బలికి ఇవ్వదగినదిగా ఎంచిన మైత్రి, ఆ ఎంపిక ఆమె స్వయంగా చేసుకొన్నదైనా, హద్దులు చెరగని మైత్రే.

రాజుకు రాసిన లేఖ

ఈ సాధన భిక్షువులకే పరిమితమా అనే సందేహానికి తెలుగు నేలతో సంబంధమున్న ఒక రచన సమాధానమిస్తుంది. నాగార్జునుడు 'సుహృల్లేఖ'ను ఒక శాతవాహన రాజుకు రాశాడని సంప్రదాయం చెబుతుంది. టిబెటన్, చైనా భాషల అనువాదాలలో నిలిచిన ఈ రచనను భారతదేశంలో విద్యార్థులు కంఠస్థం చేసేవారని 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు ఇత్సింగ్ నమోదు చేశాడు.

నాగార్జునుడు రాజుకు దానశీలాదులైన ఆరు పారమితలను, నాలుగు అప్రమాణాలను బోధించాడు. ఆహారాన్ని రాగద్వేషాలు లేకుండా ఔషధంలా తీసుకోవాలని, రాత్రి మొదటి, చివరి జాములను వ్యర్థం చేయక నడిమి జాములో స్మృతితో నిద్రించాలని చెప్పాడు. రాజు కోపమైనా, ఆకలైనా, నిద్రమత్తైనా ప్రజల బతుకులపై పడతాయి. అందువల్ల అతడి దినచర్యలో ఎరుక వ్యక్తిగత విషయంగా మిగలదు. ఈ మాట నేటి అధికారికీ, అధ్యాపకుడికీ, ఇంటి యజమానికీ వర్తిస్తుంది.

ముగింపు

పై పరిశీలన అంబేడ్కర్ ప్రశ్నను కొట్టివేయదు. పరిపూర్ణ మానవుడా, సేవకుడా అనే విభజనను సేదక సుత్తం అంగీకరించదు. అయితే ఆ విభజన ఆచరణలో ఏర్పడుతుందని మహావగ్గం చూపుతుంది. కాబట్టి స్మృతి సాధనను అంచనా వేసేటప్పుడు సాధకుడికి ఎంత ప్రశాంతత లభించిందని మాత్రమే అడిగితే చాలదు. అతడి వల్ల ఏ ఉపయోగమూ పొందని, అతడికి ఏ ఉపయోగమూ చేయలేని మనిషి అతడి పొరుగున ఎలా బతుకుతున్నాడని కూడా అడగాలి. ఆ భిక్షువు మంచం పట్టిన గది ముందు నుంచి నడిచిపోయినవారు తమ అడుగులను ఎంత జాగ్రత్తగా గమనించుకొన్నా, వారి సాధన లోపలి అనుపశ్యన వద్దే ఆగిపోయింది. సుత్తం కోరిన వెలుపలి అనుపశ్యన వారికి మిగిలే ఉంది.