ఓటమికి ఉత్తరవాది ఎవరు?

ఒక సంఘమునకు కీడు మూడినప్పుడు ఆ సంఘమువారు మొట్టమొదట వెదకునది కారణమును గాదు, మనుష్యుని. కారణమును వెదకుటకు ఓపిక కావలెను. మనుష్యుని చూపుటకు వ్రేలొక్కటి చాలును. ఈ స్వభావము ఇంటను కలదు, ఊరను కలదు, రాజ్యతంత్రములందును కలదు. కాని దీనిని వేలాది జనుల యెదుట, గెలుపోటముల లెక్కలతోగూడ, పట్టపగలు చూడవలెనన్నచో ఐరోపాఖండమునందలి ఫుట్‌బాలు క్లబ్బులను చూడవలెను. అచ్చట జట్టు వరుసగ నాలుగైదు ఆటలు ఓడెనా, ప్రధానశిక్షకునకు ఉద్వాసన సిద్ధమగును. ఓడిన ఆటగాండ్రు ఉందురు, వారిని కొన్నవారుందురు, ధనమిచ్చిన యజమానియు ఉండును, శిక్షకుడొక్కడు పోవును. ఇది న్యాయమా? ఈ ప్రశ్నను మేము నేడు విచారింపదలచితిమి. ఆటల సంగతి మనకేల యని చదువరులు త్రోసివేయరాదు. పదిమంది చేసిన పనిలో ఒకని పాలెంతయో నిర్ణయించు ధర్మము ఆటస్థలమునందైనను గృహమునందైనను ఒక్కటియే.

క్లాడియో రనియేరీ యను ఇటలీదేశీయుని వృత్తాంతమును దృష్టాంతముగ గ్రహింతము. ఆయన 2014 నవంబరులో గ్రీసుదేశపు జట్టునకు శిక్షకుడై యుండగా, ఆ జట్టు స్వదేశములోనే ఫారో దీవులవంటి చిన్నదేశము చేతిలో ఓడెను. వెంటనే ఆయనను తొలగించిరి. 2015 జులైలో ఇంగ్లండునందలి లెస్టరు నగరపు క్లబ్బువారు ఆయనను పిలిచిరి. ఆ జట్టు ముందటి సంవత్సరము చాలకాలము పట్టికలో అట్టడుగుననుండి, తుదకు ఎట్లో క్రింది తరగతికి జారక బ్రతికి బయటపడినది. అట్టి జట్టు ప్రీమియరు లీగు గెలుచునని పందెము కాచినవానికి ఒక పౌనుకు 5,000 పౌనులిత్తుమని పందెముల వ్యాపారులు చాటిరి. వారి దృష్టిలో అది జరుగని పని. జరుగనిది జరిగినది. 2016 మేనెలలో లెస్టరు జట్టు 81 పాయింట్లతో, రెండవ జట్టుకంటె పది పాయింట్లు మించి, ఇంగ్లండులో అగ్రస్థానము నందెను. ఆ నగరవాసులు రనియేరీని కన్నతండ్రిని జూచినట్లు చూచిరి.

మరుసటి సంవత్సరము గాలి తిరిగినది. గెలుపునకు మూలస్తంభములలో నొకడైన కాంటే యను ఆటగాడు చెల్సీ క్లబ్బునకు వెడలిపోయెను. ఐరోపా పోటీల శ్రమ అదనముగ వచ్చి పడెను. 2017వ సంవత్సరము పుట్టినది మొదలు ఫిబ్రవరి మూడవ వారము దనుక లీగు ఆటలలో లెస్టరు జట్టు ఒక్క గోలైనను చేయలేదు; వరుసగ ఐదు ఆటలు ఓడెను. పతనరేఖకు ఒక్క పాయింటు ఎడముగ పదునేడవ స్థానమున నిలిచెను. ఫిబ్రవరి 23వ తేదీని రనియేరీని తొలగించిరి. కిరీటము వచ్చి పది నెలలైనను నిండలేదు.

ఇది కృతఘ్నతయని నాడు ఇంగ్లండులో పెక్కండ్రు కంటతడి పెట్టిరి. కాని న్యాయవిచారణలో కంటతడి ప్రమాణము కాదు. యజమానుల వాదమును మొదట శ్రద్ధగ వినవలెను. వారిట్లు చెప్పగలరు: ప్రీమియరు లీగులో ఇరువది జట్లు; ఏటేట చివరి మూడు జట్లు క్రింది తరగతికి పడును. పడిన జట్టునకు టెలివిజను మూలమున వచ్చు ధనములో పెద్దపాలు పోవును. అప్పుడు నష్టపడువారు ధనవంతులగు ఆటగాండ్రు మాత్రమే కారు. టిక్కెట్లమ్ము గుమాస్తా, మైదానమునకు నీరుపెట్టు పనివాడు, వంటశాలలోని స్త్రీ - వీరి కూడును కదలిపోవును. ఒకని గౌరవమునకై ఇందరి జీవనమును ఒడ్డవచ్చునా? పైగా శిక్షకుడు తెలియక వచ్చినవాడు కాడు. గొప్ప జీతము, గెలిచినప్పుడు గొప్ప కీర్తి, ఓడినప్పుడు ఉద్వాసన - ఇది ఆ కొలువు షరతని యెరిగియే వచ్చినాడు. ఫలమును చూడుడు: ఆయన సహాయకుడైన క్రెయిగ్ షేక్‌స్పియరును నిలుపగా, జట్టు లీగులో వరుసగ ఐదు ఆటలు గెలిచి, సంవత్సరాంతమున పండ్రెండవ స్థానమున నిలిచెను.

ఈ వాదము బలమైనది. దీనిని తేలికగ త్రోసివేయువారు ఎన్నడును ఒక సంస్థభారము మోసినవారు కారు. అయినను ఇందులో రెండు ప్రశ్నలు ఒకదానిలో నొకటి కలిసిపోయినవి. శిక్షకుని తొలగించుటవలన మేలు కలుగునా యనునది మొదటిది. కీడునకు శిక్షకుడే దోషియా యనునది రెండవది. వీనిని విడదీసి చూడవలెను.

మొదటి ప్రశ్నలో మన పూర్వులు చెప్పిన కాకతాళీయన్యాయమును మరువరాదు. కాకి వచ్చి వ్రాలినది, తాటిపండు రాలినది. కాకియే రాల్చినదని చెప్పుట ఎట్లు? జ్వరము పరాకాష్ఠ నందినప్పుడే గదా భూతవైద్యుని పిలుతురు! పరాకాష్ఠ నందిన జ్వరము తరుచుగ మరునాటికి దిగును. విభూతికి కీర్తి దక్కును. ఫ్రాన్సిస్ గాల్టన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు 1886లో తల్లిదండ్రుల పొడవును బిడ్డల పొడవును కొలిచి పోల్చిచూచి, మిక్కిలి పొడవైనవారి బిడ్డలు సగటున తమ తలిదండ్రులంత పొడవుగ నుండరనియు, మిక్కిలి పొట్టివారి బిడ్డలు అంత పొట్టిగ నుండరనియు నిరూపించెను. అదృష్టమునకు పాలున్న ప్రతి విషయమునందును అతిగ పెరిగినది తగ్గుటకును, అతిగ తగ్గినది పెరుగుటకును మొగ్గును. ఫుట్‌బాలు ఆటలో గోలులు కొద్ది. గోలుకంబమునకు తగిలిన బంతి లోపలికి దొరలిన గెలుపు, బయటికి దొరలిన ఓటమి. ఇట్టి ఆటలో చెడుకాలము కొంత తనంతట తానే గడచును. హాలెండుదేశపు ఆర్థికశాస్త్రజ్ఞుడగు బాస్ టెర్ వీల్ 1986 మొదలు 2004 వరకు తన దేశపు క్లబ్బులను పరిశీలించెను. చెడుకాలమున శిక్షకుని మార్చినవారిని, అట్టి చెడుకాలముననే మార్పక ఓర్చుకొన్నవారిని ప్రక్కప్రక్కన నిలిపి చూచెను. మార్చిన జట్లు కోలుకొన్నమాట నిజము. మార్పని జట్లును ఇంచుమించు అట్లే కోలుకొన్నవి.

లెస్టరునందు ఏమి జరిగినదో ఈ సగటులనుబట్టి తేల్చి చెప్పరాదు. అచ్చట మార్పు నిజముగనే మేలు చేసియుండవచ్చును. కాని అంతటి మేలు చేసిన షేక్‌స్పియరును అదే యజమానులు 2017 అక్టోబరులో తొలగించిరి. ఏ మందు ఫిబ్రవరిలో అమృతమయ్యెనో అదియే అక్టోబరులో విషమయ్యెనా?

ఇక రెండవ ప్రశ్న. శిక్షకుని చేతిలో నిజముగ నున్నదేమి? ఎవరిని ఆడించవలెను, ఎవరిని ఎచ్చట నిలుపవలెను, ఏ అభ్యాసము చేయించవలెను, ఏ మాటచే ధైర్యము చెప్పవలెను - ఇవి ఆయనవి. వీనియందు లోపము చేసినచో అది ఆయన లోపమే. తన క్రిందివారి విశ్వాసమును పోగొట్టుకొన్న శిక్షకుడు, శిష్యులు వినని ఉపాధ్యాయునివలె, ఎంత విద్వాంసుడైనను ఆ కొలువునకు పనికిరాడు. ఇంతవరకు మేమును ఒప్పుకొందుము. కాని ఎంత ధనము వెచ్చింపవలెనో యజమాని నిర్ణయించును. ఎవరిని కొనవలెనో, ఎవరిని అమ్మవలెనో పెక్కు క్లబ్బులలో వేరు అధికారులు నిర్ణయింతురు. ఎవని మోకాలు బెణుకునో దైవము నిర్ణయించును. ఇన్ని చేతులు కలిసి వండిన వంటలో ఉప్పెక్కువయైనచో వడ్డించినవానినే వెడలగొట్టుదుమా?

అట్లు వెడలగొట్టుటకు కారణము మాకిట్లు తోచుచున్నది. శిక్షకుడు పోవుట తప్పు ఆయనదని తేలినందున గాదు. తొలగింపదగినవాడు ఆయన యొక్కడే యగుటవలన. ఆటగాండ్రు ఇరువదియైదుగురు, వారికి ఏండ్ల తరబడి కంట్రాక్టులుండును, వారి క్రయవిక్రయములు ఏటికి రెండు గడువులలో మాత్రమే జరుగును. యజమాని తన్ను తాను తొలగించుకొనడు. చూడవచ్చిన జనమును తొలగించు ఉపాయము లేనే లేదు. శిక్షకుని మాత్రము ఏ సోమవారము ఉదయముననైనను పరిహారధనమిచ్చి పంపివేయవచ్చును. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యనిన ఇదియే. దుత్త చేసిన తప్పేమి? చేతికి అందుటయే.

ఇచ్చట మరియొక సంగతి గమనింపవలెను. ఓటమియందు అన్యాయముగ నిందించు జనమే గెలుపునందు అన్యాయముగ కీర్తించినది. లెస్టరు గెలుపంతయు రనియేరీ మహిమయే యన్ననాడు ఎవరును ఆక్షేపింపలేదు. ఆయనకు ముందు ఆ జట్టును కూర్చి, 2015 జూనులో తానును ఉద్వాసన పొందిన నైజెల్ పియర్సనును తలచినవారు కొద్దిమంది. మహిమను నమ్మినవారు శాపమును నమ్మకుందురా? రెండును ఒక్క మూఢత్వమునకు రెండు ముఖములు. రనియేరీ 2004లో చెల్సీ జట్టును రెండవ స్థానమున నిలిపియు కొలువు పోగొట్టుకొనెను. ఆ పీటమీద జోసే మొరీనో కూర్చుండెను. ఆ మొరీనోయే మరల వచ్చి 2015లో చెల్సీకి లీగు గెలిచి పెట్టి, ఏడునెలలకు, రనియేరీగారి లెస్టరు చేతిలో ఓడిన మూడవనాడు పదవి కోల్పోయెను. ఓడలు బండ్లగుట, బండ్లు ఓడలగుట యనిన ఇట్టిదే.

అట్లని శిక్షకుని ఎన్నడును తొలగింపరాదని మా సిద్ధాంతము గాదు. ఓర్పువలన సర్వము సిద్ధించునని చెప్పువారు అలెక్స్ ఫెర్గుసను పేరెత్తుదురు. ఆయన 1986లో మాంచెస్టరు యునైటెడునకు వచ్చి, మూడేండ్లవరకు ఏ కప్పును గెలువక, 1990లో పదుమూడవ స్థానమున నిలిచియు కొలువున నుండి, 1993 మొదలు 2013లో విరమించువరకు పదుమూడుమార్లు లీగు గెలిచెను. సత్యమే. కాని ఓర్చుకొన్నను బాగుపడని జట్ల కథలు ఎవరును చెప్పుకొనరు. గెలిచినవాని ఓర్పుకే చరిత్ర వ్రాయుదురు. కావున ఓర్పును మంత్రముగ జేయుటయు తగదు.

మా సిద్ధాంతమిది. పదవినుండి తొలగించుట వేరు, దోషిగ నిర్ణయించుట వేరు. మొదటిదానికి సంస్థ క్షేమము చాలిన కారణము. రెండవదానికి సత్యము కావలెను. వినాయకచవితినాడు మట్టిబొమ్మను ఆవాహనముచేసి పూజించి, పిమ్మట ఉద్వాసన చెప్పుదుము. ఆ ఉద్వాసనలో అవమానము లేదు. మరల రమ్మని వేడుకొనియే పంపుదుము. మనుష్యునకు చెప్పు ఉద్వాసనయందు ఆపాటి మర్యాద ఉండవలదా? "మీవలన కానిది మరియొకరివలన నగునేమో చూతుము, ఇందు మా తప్పును కలదు" అని చెప్పి పంపిన యజమాని న్యాయము చేసినవాడు. సర్వదోషమును ఒకని మూటగట్టి ఊరిబయట పారవేసినవాడు తన దోషమును ఇంటనే దాచుకొన్నవాడు. అది మరుసటి శిక్షకుని వేచియుండును.

దీనికి మారుదారి మన తెలుగునాటివాని కథలోనే కనబడుచున్నది. హైదరాబాదు వాసియు, బడిపంతులును ఐన సయ్యదు అబ్దుల్ రహీము శిక్షకుడై యుండగా, 1952లో హెల్సింకీ ఒలింపిక్సునందు భారతజట్టు యుగోస్లావియాతో పదింటికి ఒకటిగ ఓడెను. మనవారిలో పెక్కండ్రు ఆ చలిదేశమున వట్టికాళ్లతో ఆడిరి. ఆ పరాభవమునకు పిమ్మట అఖిలభారత సమాఖ్యవారు ఆటగాండ్రకు బూట్లు తప్పనిసరి చేసిరి. నాలుగేండ్లకు మెల్బోర్నునందు మరల ఆ రహీమే శిక్షకుడు. జట్టు ఒలింపిక్సులో నాలుగవ స్థానము నందెను. 1962లో జకార్తానందు ఆసియాక్రీడల స్వర్ణపతకమును తెచ్చినదియు ఆయన తీర్చిన జట్టే. అది జీతపు క్లబ్బుల లోకము కాదు. తరగతి పతనభయము ఆయనకు లేదు. ఆ భేదమును మేమెరుగుదుము. ఐనను లోపము కాళ్లకు బూట్లు లేకపోవుటయందున్నదని కనిపెట్టుటకు, తలను నరుకుటకంటె ఎక్కువ బుద్ధి కావలెను.

ఇక మన గృహములను చూచుకొందము. "కోడలు వచ్చిన వేళ, గొడ్డు వచ్చిన వేళ" యని మనవారి సామెత. కోడలు అడుగుపెట్టిన ఏట పంట పండెనా, ఆమె మహాలక్ష్మి. వ్యాజ్యము పోయెనా, మామకు జబ్బు చేసెనా, ఆమె పాదము మంచిది కాదు. వచ్చినవారిలో కడపటిది, ఎదురు చెప్పుటకు శక్తిలేనిది, చేతికి అందినది ఆమెయే. శిక్షకునకు పరిహారధనమైనను కలదు. ఈమెకు అదియు లేదు. పరీక్షలో తప్పిన బాలునికై పంతులును, నష్టము వచ్చిన దుకాణమునకై గుమాస్తాను దూరునప్పుడును మనము చేయునది ఇదియే. ఎవనినైనను ఉత్తరవాదిగ నిలుపుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఇందులో అతని చేతిలో నున్నదెంత? అతడు లేకున్నను ఇది జరిగియుండదా? అతనిని చూపుచున్న మన వ్రేలు మనలను ఏ ప్రశ్ననుండి తప్పించుచున్నది? మూడవదానికి నిజముగ బదులు చెప్పుకొనగలిగిననాడు మొదటి రెంటికిని బదులు తేలికగ దొరకును.